కంప్యూటరమ్మ పెట్టిన సంఘం

గ్రంథాలయంలో ఆమెను అందరూ కంప్యూటరమ్మ అనేవారు. రోడ్డుకు అవతలి భవనంలో ఉన్న కంప్యూటర్ విభాగం వాళ్ళు మాత్రం లైబ్రరీ మేడం అనేవారు. ఇటు వాళ్ళ లెక్కలో ఆమె యంత్రాల మనిషి, అటు వాళ్ళ లెక్కలో పుస్తకాల మనిషి. మధ్యాహ్నం అందరూ కలిసి తినే బల్ల దగ్గరికి వెళితే, అప్పటిదాకా ఎవరి బదిలీ గురించో గలగలా మాట్లాడుకుంటున్నవాళ్ళు కాస్తా ఆగి, "మేడం, ప్రింటర్ మళ్ళీ మొరాయిస్తోంది, తిన్నాక ఓసారి చూద్దురూ" అనేవారు. పనిబడి అవతలి భవనానికి వెళితే, "ఏం మేడం, కొత్త నవలలేమైనా వచ్చాయా?" అని నవ్వేవారు. ఎవరిదీ తప్పుగా తోచేది కాదు ఆమెకు. పోనుపోను తన గదిలోనే డబ్బా విప్పుకోవడం అలవాటైంది.

ఆ గది ఒకప్పుడు చిరిగిన పుస్తకాలకు బైండింగు చేసే చోటు. బల్ల అంచు నిండా కత్తి గాట్లు. వర్షాకాలం వస్తే గోడల్లోంచి పాత జిగురు వాసన వచ్చేది. ఉన్న ఒక్క కిటికీ తెరిస్తే మూరెడు దూరంలో ఎదురుగోడ.

ఇరవై రెండేళ్ళ కిందట పుస్తకాల వివరాలుండే కార్డుల సొరుగులు తీసేసి కంప్యూటర్లు పెట్టే రోజుల్లో, "ఈ పని ఎవరు నేర్చుకుంటారు?" అని అప్పటి పెద్దాయన అడిగారు. అందరూ నేలచూపులు చూస్తుంటే ఈమె ఒక్కతే పొరపాటున తలెత్తింది. అంతే, ఆ పని మెడకు చుట్టుకుంది. అరల్లో ఉన్న ప్రోగ్రామింగ్ పుస్తకాలు తన పేరు మీదే తీసుకుని, తనే గడువు పెంచుకుని, ఒక్కో అధ్యాయంతో కుస్తీపడుతూ నేర్చుకుంది.

భర్త ఉన్నన్నాళ్ళు లోటు తెలియలేదు. ఆయన మందుల షాపులో పనిచేసేవాడు. ప్రోగ్రాముల గురించి ఒక్క ముక్క తెలియకపోయినా, ఆమె చెబుతుంటే ఊ కొట్టేవాడు. ఎక్కడ గట్టిగా ఊ కొట్టాలో, ఎక్కడ "అయ్యో" అనాలో గొంతును బట్టి పోల్చుకునేవాడు. ఎనిమిదేళ్ళ కిందట, పట్టుమని పది రోజులు కూడా మంచం మీద లేకుండా వెళ్ళిపోయాడు. ఇంట్లో ఇప్పుడు ఆమె, అత్తగారు. అత్తగారికి డెబ్భై ఎనిమిది. చెవులు సరిగ్గా వినపడవు గానీ నోటికి మాత్రం ఇంకా ఇరవై ఏళ్ళే.

ఆమె చేసిన పనుల్లోకెల్లా పెద్దది రచయితల పేర్ల పని. పుస్తకాల పట్టికలో ఒకే రచయిత ఒకచోట ఇంటిపేరు ముందు, ఇంకోచోట ఇంటిపేరు చివర, మరోచోట ఉత్త పొడి అక్షరాలతో, ఒక మనిషి కాస్తా అయిదుగురై కూర్చుని ఉండేవాడు. చదువరి ఒక పేరు వెతికితే కొన్ని పుస్తకాలే దొరికేవి. మిగతావి అరల్లో ఉండి కూడా లేనట్టే. పద్నాలుగు నెలలు కూర్చుని, ఆ అయిదుగురినీ ఒక్కడిగా కలిపే ప్రోగ్రాము రాసింది. ఎన్నిసార్లు నడిపినా తప్పు రాని రోజు ఒకటి వచ్చింది. అప్పుడు సాయంత్రం నాలుగవుతోంది. ఎవరికైనా చెప్పకపోతే మనసు ఆగేట్టు లేదు. హాల్లోకి వచ్చింది. అటెండరు పుస్తకాలు సర్దుతున్నాడు.

"అయిపోయిందయ్యా" అంది.

"ఏంటమ్మా?"

"ఇకనుంచి ఒక రచయిత ఒక్కడుగానే కనిపిస్తాడు."

అటెండరు ఓ క్షణం ఆలోచించాడు. "మంచిదమ్మా. మరి ఈ హాల్లో ఫ్యాను సంగతి ఎప్పుడు చూస్తారు?"

అతనికి తను ఫ్యాన్లు చూసే మనిషిని కానని చెప్పబోయి ఊరుకుంది. తిరిగి గదిలోకి వెళ్ళి, అయిపోయిన ప్రోగ్రామును ఇంకోసారి నడిపి చూసుకుంది.

ఆ తర్వాత మూడు నెలలకు ఏదో జాబితా సరిచూడ్డానికి కోర్టు గ్రంథాలయానికి వెళ్ళాల్సి వచ్చింది. తమ గ్రంథాలయం నుంచి నాలుగు స్టాపుల దూరం. అక్కడి పెద్దాయన ఆమె ముందే ఒక రచయిత పేరు కొట్టారు. ఒక్కటే వరస వచ్చింది. దాని కింద అయిదు రకాలుగా రాసిన అదే పేరు, చిన్న అక్షరాల్లో.

ఆమె కుర్చీ ముందుకు లాక్కుంది. "ఇది ఎవరు చేశారండీ?"

"మా ప్రోగ్రామరండి. మానేసి ఏడాదైంది."

"ఎందుకు మానేశారు?"

"ఏమోనమ్మా. ఇక్కడ నేనేం చేస్తున్నానో చెప్పుకోడానికి ఒక్క మనిషి లేడు సార్ అన్నాడు. నేను లేనా అన్నాను. నవ్వాడు" అని ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు. "మంచివాడు. అయిదేళ్ళు రోజూ నలభై రెండో నంబరు బస్సులో వచ్చేవాడు."

ఆమె ఎక్కేదీ నలభై రెండో నంబరే. ఆ అయిదేళ్ళలో ఎన్ని పొద్దుటిపూటలు ఆ మనిషి పక్కనే కమ్మీ పట్టుకుని నిలబడిందో!

అడిగి ఆ ప్రోగ్రాము తెరిపించుకుంది. తను రెండు నెలలు తల బద్దలుకొట్టుకున్న చోటే అతనూ ఆగాడని, తను తిరిగిన పక్కదారే అతనూ తిరిగాడని తెలుస్తూనే ఉంది. ఒక చోట, యంత్రం పట్టించుకోని వ్యాఖ్యగా, అతను ఇలా రాసుకున్నాడు: "ఇది ఇలా ఎందుకు రాశానో అడిగేవాళ్ళు లేరు. అయినా చెబుతున్నాను." దాని కింద పదకొండు వరుసల వివరణ. ఆమె ఆ పదకొండు వరుసలూ చదివింది. పెద్దాయన ఏదో అడిగితే తెర మీదనుంచి తల తిప్పకుండానే జవాబిచ్చింది. కళ్ళు తడిశాయని ఆయనకు తెలియడం ఇష్టం లేక.

వారం తిరగకముందే తమ గ్రంథాలయాధికారి గది తలుపు తట్టింది.

"సార్, ఊళ్ళో లైబ్రరీల్లో ప్రోగ్రాములు రాసేవాళ్ళు, సాంకేతిక పనులు చూసేవాళ్ళు ఉన్నారు కదా. వాళ్ళందరికీ ఓ సంఘం పెడదామని."

ఆయన పెన్ను కింద పెట్టారు. "సంఘమా? అంటే నినాదాలు, అవీ..."

"అబ్బే, లేదు సార్. నెలకోసారి కూర్చుని మాట్లాడుకుంటాం."

"లైబ్రరీలో మాట్లాడతారా?"

చివరికి మూడో శనివారం మూడు గంటలకు, పిల్లల విభాగం గది ఇచ్చారు. ఆ వేళ అక్కడ పిల్లలుండరు. కుర్చీలు మోకాలెత్తువి.

ఊళ్ళోని గ్రంథాలయాల చిరునామాలన్నీ పోగుచేస్తే ఇరవై ఆరు తేలాయి. ఎవరున్నారో పేర్లు తెలియవు కనక, "మీ లైబ్రరీలో కంప్యూటర్ పని చూసేవారికి" అని కవరు మీద రాసింది. లోపల నాలుగు వాక్యాలు. "మాది చిన్న కూడిక. ఉపన్యాసాలు ఉండవు. చేసిన పని చెప్పుకోవచ్చు. ఆగిపోయిన పని చూపించుకోవచ్చు." మాది అని రాసింది గానీ, అప్పటికి ఆ 'మా'లో ఆమె ఒక్కతే.

ఇంట్లో కవర్లు అంటిస్తుంటే అత్తగారు పక్కన కూర్చుని చూసింది. "మాట్లాడకూడదని బోర్డు పెట్టేదీ మీరే, మాట్లాడుకుందాం రండని ఉత్తరాలు రాసేదీ మీరేనా?"

"అవును అత్తయ్యా."

"ఎవరైనా వస్తారంటావా?"

"రాకపోతే రాకపోయారు."

"అదేం మాటే, పిలిచేటప్పుడే" అని అత్తగారు తడిగుడ్డ అందుకుని తనూ కవర్లు అంటించడం మొదలుపెట్టింది.

మొదటి శనివారం ఆమె రెండున్నరకే వెళ్ళి పది కుర్చీలు గుండ్రంగా వేసింది. మూడైంది. మూడున్నరైంది. మెట్ల మీద చెప్పుల చప్పుడైనప్పుడల్లా లేచి నిలబడేది. ఆ చప్పుడు పత్రికల గది వైపు తిరిగిపోయేది. నాలుగుంపావుకు భుజాన పనిముట్ల సంచీతో ఒకతను తలుపు దగ్గర ఆగాడు.

"టెక్నికల్ మనిషిని పంపమన్నారంట కదండీ? వాణిజ్య కళాశాల లైబ్రరీవాళ్ళు పంపారు. ఏసీ ఎక్కడుంది?"

ఆమెకు నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపూ వచ్చింది. రెండూ మింగి, "ఏసీ లేదండీ. కూర్చోండి, టీ తాగి వెళ్దురు" అంది. అతను ఆ చిన్న కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నాడు. ఇంతకీ ఇక్కడేం జరుగుతుందని అడిగాడు. ఆమె చెప్పింది. చెబుతూ చెబుతూ ఒక మనిషి అయిదుగురైన కథ మొత్తం చెప్పేసింది. అతను మధ్యలో లేచిపోలేదు.

"మాదీ అంతేనండీ. చల్లగా ఉన్నన్నాళ్ళు మేమున్నామని ఎవరికీ గుర్తుండదు" అని గ్లాసు కడిగి పెట్టి, పోతూ పోతూ హాల్లో ఫ్యాను బాగుచేసి వెళ్ళాడు. అటెండరు ఆమెను ఆ నెలంతా మహా గౌరవంగా చూశాడు.

రెండో నెల అత్తగారు తనూ వస్తానని పట్టుబట్టింది. "ఖాళీ కుర్చీలకు చెప్పేకన్నా నాకు చెప్పు. చెవిటిదాన్నైనా కుర్చీకంటే నయమే కదా." నిజంగానే ఇంకెవరూ రాలేదు. అత్తాకోడళ్ళిద్దరే గుండ్రంగా వేసిన కుర్చీల్లో పక్కపక్కనే కూర్చున్నారు. కోడలు గొంతు పెంచి పేర్ల సంగతి వివరించింది. అత్తగారు శ్రద్ధగా విని, "అయితే పెళ్ళికి ముందో ఇంటిపేరు, తర్వాత ఇంకోటీ ఉన్న ఆడవాళ్ళ మాటేంటి? మీ మిషను వాళ్ళని ఒకళ్ళనుకుంటుందా, ఇద్దరనుకుంటుందా?" అంది.

కోడలు పెన్ను తీసి ఆ ప్రశ్న రాసుకుంది. పద్నాలుగు నెలల్లో అది తనకు తట్టనే లేదు. రెండు ఇంటిపేర్లున్న మనిషి తనే అయి ఉండి కూడా. సోమవారం ఉదయం వెళ్ళగానే వెతికింది. పెళ్ళికి ముందు రెండు కథల సంపుటాలు, పెళ్ళయ్యాక నాలుగు నవలలు రాసిన ఒకావిడ పట్టికలో ఇద్దరుగా, ఒకరికొకరు ముక్కూమొహం తెలియనివాళ్ళుగా ఉంది. అలాంటివాళ్ళు ఇంకా నూటికి పైగా తేలారు.

దీని గురించి మాట్లాడాలంటే లోకంలో ఒక్కరే ఉన్నారు. కోర్టు గ్రంథాలయం పెద్దాయన దగ్గర ఆ మానేసిన ప్రోగ్రామరు నంబరు తీసుకుని ఫోను చేసింది. అతను ఇప్పుడు సరుకు రవాణా చేసే ఒక కంపెనీలో పనిచేస్తున్నాడు. వెనక లారీల హారన్లు వినిపిస్తున్నాయి.

తనెవరో, ఏ పని చేసిందో చెప్పింది. అతను వెంటనే, "పొడి అక్షరాలు మాత్రమే ఉన్నవాళ్ళని ఎలా విడదీశారండీ?" అని అడిగాడు.

"పుస్తకం అచ్చయిన ఏడాదిని బట్టి."

"నేనూ అంతే! ముందు ప్రచురణకర్తను బట్టి చేద్దామనుకుని..."

"నేనూ అనుకున్నా. మూడు వారాలు పోయాయి."

"నాకు నెల" అని నవ్వాడు. గొంతు హుషారెక్కింది. ఇద్దరూ ఒకరి మాటను ఒకరు అందుకుంటూ అరగంట మాట్లాడుకున్నారు. అత్తగారి ప్రశ్న చెబితే, "అయ్యో, అది నాకూ తట్టలేదండీ. మా అమ్మకే రెండు ఇంటిపేర్లు" అన్నాడు.

"వచ్చే మూడో శనివారం రండి. ఇద్దరం కూర్చుంటే తేలిపోతుంది" అంది ఆమె.

అటువైపు నుంచి మళ్ళీ లారీల మోత. "ఏడాదిన్నర ముందు పిలిచి ఉంటే పరిగెత్తుకొచ్చేవాణ్ణండీ. ఇప్పుడు ఆ పని మర్చిపోదామని చూస్తున్నాను. దాన్ని మళ్ళీ తట్టి లేపితే ఇక్కడ చేయలేను." మళ్ళీ తనే, "ఆ పదకొండు వరసలు చదివారా?" అని అడిగాడు.

"చదివాను. నాలుగో వరస దగ్గర ఒక సందేహం కూడా ఉంది."

అతను గట్టిగా నవ్వి, ఆ సందేహం తీర్చి, ఎవరో పిలుస్తున్నారని పెట్టేశాడు. అతను ఎప్పుడూ రాలేదు. రెండోసారి ఫోను చేయాలని ఆమెకూ అనిపించలేదు. కాదు, అనిపించింది, చేయలేదు.

మూడో నెల కూడికకు నర్సింగ్ కాలేజీ లైబ్రరీ నుంచి ఒకావిడ వచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. చేతిసంచీ ఒళ్ళో గట్టిగా పట్టుకుని, తలుపుకు దగ్గరి కుర్చీలో కూర్చుంది. ఆ రోజు ఇంకో ఇద్దరు కూడా వచ్చారు, ఒక పత్రికాఫీసు పాత సంచికల విభాగం నుంచి. వాళ్ళు మాట్లాడుతున్నంతసేపూ ఈవిడ నోరు విప్పలేదు. లేచిపోయే వేళకి, "ఒక మాట అడగనా అండీ? బయట ఎవరితోనూ అనకూడదు" అంది.

ఆరు నెలల కిందట వాళ్ళ కంప్యూటర్లో డిస్కు పాడైందట. భయం లేదు, రోజూ నకలు తీస్తున్నాను కదా అనుకుందట. తెరిచి చూస్తే ఏడాదిగా ఖాళీ ఫైలే నకలవుతోంది. ఏడాది పాటు చేర్చిన పుస్తకాల వివరాలన్నీ పోయాయి. పైవాళ్ళకు చెప్పే ధైర్యం లేక, రోజూ అందరూ వెళ్ళాక రెండు గంటలు ఉండిపోయి, అరల్లోంచి ఒక్కో పుస్తకం తీసి మళ్ళీ ఎక్కిస్తోంది. ఇంట్లోవాళ్ళకు లైబ్రరీలో పని ఎక్కువగా ఉందని మాత్రమే చెప్పింది. "ఇంకా సగం కూడా కాలేదు. మావారికి చెబుదామన్నా ఎలా చెప్పాలో తెలీదు. నకలు అంటే ఏంటన్న దగ్గర్నుంచి మొదలెట్టాలి" అంటూ ఏడ్చేసింది.

కంప్యూటరమ్మ లేచి వెళ్ళి ఆవిడ పక్క కుర్చీలో కూర్చుంది. "ఊళ్ళో లైబ్రరీలన్నిటి ఉమ్మడి జాబితా కోసం మూణ్ణెల్లకోసారి కొత్త పుస్తకాల వివరాలతో మాకో ఫైలు పంపుతారు, గుర్తుందా?"

"పంపుతాను. ఎవరు చూస్తారులే అనుకుంటాను."

"ఎవరూ చూడరు. కానీ నేను పారేయను. అన్నీ నా గదిలోనే ఉన్నాయి."

ఆవిడ ఏడుపు ఆపి ఆమె మొహంలోకి చూసింది. ఆర్నెల్లుగా చేతులు పడిపోయేలా తను ఎక్కిస్తున్న పుస్తకాల వివరాలన్నీ ఒక బస్సు ప్రయాణం దూరంలో, జిగురు వాసన గదిలో పదిలంగా ఉన్నాయన్న సంగతి బోధపడటానికి కాస్త సమయం పట్టింది. బోధపడ్డాక మళ్ళీ ఏడ్చింది.

రెండు శనివారాలు నలుగురూ కలిసి కూర్చుంటే పోయినదాంట్లో ముప్పాతిక వంతు తిరిగొచ్చింది. మిగతాది పంచుకుని ఎక్కించారు. నర్సింగ్ కాలేజీ ఆవిడ అప్పట్నుంచి ఆమెను అక్కా అని పిలవసాగింది. సంఘం నడక నేర్చింది. ఒక నెల ఏడుగురు, ఒక నెల ముగ్గురు. వచ్చినవాళ్ళందరి దగ్గరా ఇలాంటిదే ఏదో ఒకటి, ఎవరితోనూ అననిది, ఉండేది. రెండు ఇంటిపేర్ల ఆడవాళ్ళను కలిపే భాగాన్ని అందరూ కలిసే రాశారు. అత్తగారికి ఆ సంగతి చెబితే, "నా పేరు వేశారా?" అని అడిగింది. వ్యాఖ్యలో వేశారు.

అలాగని శనివారం మర్నాడు ఆదివారం కాకుండా పోలేదు. మిగతా ఇరవై తొమ్మిది రోజులూ అదే గది, అదే డబ్బా, అదే ఎదురుగోడ. నెలకు రెండు గంటలు నలుగురి మధ్య మనిషిలా మాట్లాడి వచ్చాక మర్నాటి మౌనం ఇంకాస్త ఎక్కువగా వినిపించేది. ఈ సంగతి ఆమె నర్సింగ్ కాలేజీ ఆవిడతో ఒక్కసారి అంది. "నాకూ అంతేనక్కా" అని ఆవిడ చెయ్యి పట్టుకుంది.

రెండేళ్ళకు ఆవిడ భర్తకు ఆరు గంటల ప్రయాణం దూరంలోని ఊరికి బదిలీ అయింది. ఆవిడ కూడా అక్కడి కాలేజీకి మార్పించుకుంది. బస్సు ఎక్కేముందు, "అక్కడ నాకెవరున్నారక్కా?" అంది.

"కవర్లు కొనుక్కో" అంది కంప్యూటరమ్మ. బస్సు వెళ్ళాక స్టాపులో కూర్చుని రెండు నలభై రెండో నంబర్లు వదిలేసింది.

మూడు నెలల తర్వాత ఒక మూడో శనివారం. పొద్దుటినుంచీ కుండపోత. పిల్లల గదిలో కంప్యూటరమ్మ ఒక్కతే ఉంది. వచ్చేవాళ్ళు రాలేమని ముందే చెప్పారు. మూడు నలభైకి ఫోను మోగింది.

"అక్కా, ఇవాళే మొదటి కూడిక పెట్టాను. ఒకటే వాన. ఎవరూ రాలేదు. వాచ్‌మన్ రెండుసార్లు తొంగిచూసి వెళ్ళాడు. జాలిపడుతున్నాడు."

"పడనీ. ఇక్కడా వాన, నేనూ ఒక్కదాన్నే. ఫోను పెట్టకు. ఆగిపోయిన పనేదైనా ఉందా?"

ఉంది. తిరిగిచ్చేసిన పుస్తకాలు కొన్ని ఇంకా బయటే ఉన్నట్టు చూపిస్తున్నాయి. ఆవిడ వరస వరసా చదువుతుంటే, ఈమె ఒక కాగితం మీద రాసుకుంటూ, "ఆగు, ఆ వరస మళ్ళీ చదువు" అంటూ ఉంది. ఇరవై నిమిషాలు అలా గడిచాయి. ఇద్దరికీ వాన చప్పుడు ఒక్కటే.

అటువైపు తలుపు కిర్రుమంది. ఒక మగగొంతు. "లైబ్రరీ ప్రోగ్రాములవాళ్ళ మీటింగు ఇదేనాండీ? వానలో చిక్కుకున్నాం."

చిక్కుకున్నాం అన్నాడు. ఒక్కడు కాదన్నమాట.

"అక్కా, ఉండు, మళ్ళీ చేస్తా" అని ఆవిడ పెట్టేసింది.

కంప్యూటరమ్మ ఫోను బల్ల మీద పెట్టి కాగితం ముందుకు లాక్కుంది. అయిదు కావస్తుండగా తప్పు దొరికింది. సెలవు రోజున తిరిగొచ్చిన పుస్తకాలను ప్రోగ్రాము లెక్కలోకి తీసుకోవడం లేదు. దాని కింద గీత గీసి ఎదురుచూసింది. ఆరింటికి అటెండరు కిటికీలు మూయడానికి వచ్చాడు. ఫోను మోగలేదు. కాగితం మడిచి సంచీలో పెట్టుకుని, కుర్చీలు సర్దేసి, గొడుగు విప్పుకుని బయల్దేరింది.

మర్నాడు మధ్యాహ్నం సందేశం వచ్చింది. "నలుగురొచ్చారక్కా! ఏడింటిదాకా కదల్లేదు. ఆ తప్పు కూడా పట్టేశాం. నీకు ఫోను చేయడమే మర్చిపోయా, తిట్టుకోకు."

అత్తగారు పక్క గదిలో కునుకు తీస్తోంది. కంప్యూటరమ్మ ఆ సందేశం రెండుసార్లు చదివింది. సంచీలోంచి కాగితం తీసి చూసి, మళ్ళీ మడిచి లోపల పెట్టింది. తర్వాత జవాబు రాసింది.

"తప్పు ఎక్కడుంది? ఎలా పట్టుకున్నారు? వివరంగా రాయి."

రాయడానికి ఆవిడకు చాలాసేపు పట్టింది. చాలా పొడుగ్గా రాసింది. ఎవరు ముందు అనుమానపడ్డారు, ఎవరు కాదన్నారు, ఏ వరస దగ్గర అందరూ ఒక్కసారి "ఆఁ" అన్నారు, అన్నీ. కంప్యూటరమ్మ కిటికీ దగ్గరికి కుర్చీ జరుపుకుని, కళ్ళజోడు పెట్టుకుని, మొదటినుంచి చివరిదాకా నెమ్మదిగా చదివింది.